ఓటుకీ ఓటుకీ మధ్య

2024 ఇంకా తలుపు తట్టకముందే దానికి పేరు పెట్టేశారు: ఓట్ల సంవత్సరం. ప్రపంచ జనాభాలో సగానికి దగ్గరగా నివసించే దేశాలు ఆ ఒక్క ఏడాదిలోనే పోలింగ్‌కి వెళ్లాయి. ఇండోనేషియా, పాకిస్తాన్, బంగ్లాదేశ్, రష్యా, మెక్సికో, దక్షిణాఫ్రికా, బ్రిటన్, అమెరికా, అన్నిటికన్నా పెద్దగా మన దేశం. మన దగ్గర ఏడు విడతల్లో 64 కోట్ల మందికి పైగా ఓటేశారు. మే 13కి ముందు రెండు మూడు రోజులు హైదరాబాద్ నుంచి కోస్తా వైపు బయల్దేరిన బస్సుల్లో కాలు పెట్టే చోటు లేదు. ఎండలో, రాత్రి పొద్దుపోయేదాకా క్యూల్లో నిలబడి ఆంధ్రప్రదేశ్ ఓటర్లు పోలింగ్‌ని 80 శాతం దాటించారు. ఆ ఓపికను తక్కువ చేసి మాట్లాడే హక్కు ఎవరికీ లేదు. అయినా ఏడాది గడిచాక వెనక్కి తిరిగి చూస్తే ఒక సంగతి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఆ ఏడాది ఏ దేశం నిలబడింది, ఏది కూలింది అన్నది తేలిన రోజులు చాలా చోట్ల పోలింగ్ రోజులు కావు. డకార్‌లో ఒక ఫిబ్రవరి సాయంత్రం, కారకాస్‌లో పోలింగ్ ముగిశాక వచ్చిన రాత్రి, ఢాకాలో ఆగస్టు 5 మధ్యాహ్నం, సోల్‌లో డిసెంబర్ 3 రాత్రి. ఓటుకీ ఓటుకీ మధ్య ఉన్న ఈ ఖాళీలోనే ప్రజాస్వామ్యం బతకడమో చావడమో జరుగుతుంది. ఆ ఖాళీలో దాన్ని కాపాడేది రాజ్యాంగంలోని ఒక వాక్యమూ, ఆ వాక్యం ఎందుకు రాసుకున్నారో మరిచిపోని జనమూ. ఈ రెండూ కలిసిన చోట గంటల్లో పని జరిగింది. ఏ ఒక్కటి లేకపోయినా జనం నెత్తురుతోనో నిరీక్షణతోనో వెల కట్టారు. 2024 చెప్పింది ఇదేనని నేను నమ్ముతున్నాను.

ముందు ఫిబ్రవరి సంగతి. సెనెగల్ అధ్యక్షుడు మాకీ సాల్ ఆ నెల 25న జరగాల్సిన ఎన్నికను, పోలింగ్ మూడు వారాల్లో ఉందనగా, ఫిబ్రవరి 3న వాయిదా వేశారు. రెండు రోజుల తర్వాత పార్లమెంటు, అడ్డుపడిన ప్రతిపక్ష సభ్యుల్ని పోలీసు బలగాలు బయటికి ఈడ్చేశాక, ఎన్నికను డిసెంబర్ 15కి జరిపింది. ఆఫ్రికాలో ఇలాంటి వాయిదాలు ఎక్కడికి దారి తీస్తాయో అందరికీ తెలుసు. కానీ ఫిబ్రవరి 15న ఆ దేశపు రాజ్యాంగ మండలి ఈ వాయిదా చెల్లదని తేల్చేసింది. మార్చి 24న పోలింగ్ జరిగింది. పది రోజుల ముందే జైలు నుంచి బయటికొచ్చిన 44 ఏళ్ల బసిరు జొమాయ్ ఫాయ్ మొదటి రౌండులోనే గెలిచారు. సరిగ్గా అదే ఫిబ్రవరి 15న ఢిల్లీలో మన సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఎన్నికల బాండ్ల పథకాన్ని ఏకగ్రీవంగా కొట్టేసింది. ఎవరు ఎవరికి ఎంత ఇచ్చారో చెప్పడానికి జూన్ 30 దాకా గడువు కావాలని స్టేట్ బ్యాంక్ అడిగితే, కోర్టు ఒక్క రోజు గడువిచ్చింది. మార్చిలో బయటపడిన ఆ చిట్టాలో హైదరాబాద్ కంపెనీల పేర్లున్నాయి, తెలుగు రాష్ట్రాల ప్రాంతీయ పార్టీల పేర్లున్నాయి. పోలింగ్ బూత్‌కి వెళ్లే ముందు ఓటరు తెలుసుకోవాల్సిన విషయం, పోలింగ్‌తో సంబంధం లేని ఒక రోజున, ఒక తీర్పు వల్ల చేతికి అందింది. దాన్ని ఓటరు ఎంతవరకు వాడుకున్నాడన్నది వేరే ప్రశ్న.

ఇక సోల్. ఆ రాత్రిని కాస్త దగ్గరగా చూడాలి. డిసెంబర్ 3, రాత్రి పదిన్నర కావస్తుండగా అధ్యక్షుడు యూన్ సుక్ యోల్ టీవీలో కనిపించి సైనిక పాలన ప్రకటించారు. కాసేపట్లోనే ఉత్తర్వు వచ్చింది: పార్లమెంటు సహా రాజకీయ కార్యకలాపాలన్నీ నిషేధం, మీడియా సైన్యం అదుపులో, సమ్మెలో ఉన్న డాక్టర్లు 48 గంటల్లో పనిలోకి రావాలి. ప్రతిపక్ష నేత లీ జే మ్యుంగ్ కారులో వస్తూనే ఫోన్లో ప్రత్యక్ష ప్రసారం మొదలుపెట్టి, జనాన్ని పార్లమెంటుకు రమ్మని పిలిచారు. గేట్ల దగ్గర పోలీసులు అడ్డుపడితే గోడ ఎక్కి లోపలికి దూకారు. స్పీకర్ ఊ వోన్ షిక్‌కి అప్పటికి 67 ఏళ్లు. ఆయనా చీకట్లో ఇనుప కంచె ఎక్కి దాటారు. హెలికాప్టర్లలో దిగిన ప్రత్యేక దళాలు కిటికీ అద్దాలు పగలగొట్టి లోపలికి వస్తుంటే పార్లమెంటు ఉద్యోగులు సోఫాలు, కుర్చీలు, బల్లలు తలుపులకు అడ్డంగా పేర్చారు. మంటలార్పే సిలిండర్ల పొడి సైనికుల మీదికి చల్లారు. బయట అప్పటికే వేల మంది పోగయ్యారు. అక్కడే ఒక రాజకీయ నాయకురాలు తన వైపు తిరిగిన తుపాకీ గొట్టాన్ని చేత్తో పట్టుకుని, సిగ్గుగా లేదా అని సైనికుణ్ని నిలదీసిన దృశ్యం ప్రపంచమంతా చూసింది.

లోపల మాత్రం అంతకన్నా ముఖ్యమైనది జరిగింది, దాని గురించి తక్కువ మంది మాట్లాడారు. సైనికులు తలుపుల దాకా వచ్చేశారు, వెంటనే ఓటింగ్ పెట్టమని సభ్యులు కేకలేస్తున్నారు. స్పీకర్ తొందరపడలేదు. తీర్మానం పద్ధతి ప్రకారం దాఖలై, సభ ముందుకు వచ్చేదాకా ఆగారు. రేపు ఎవరూ ఈ ఓటు చెల్లదని వేలెత్తి చూపే సందు ఇవ్వకూడదన్నది ఆయన పట్టుదల. దక్షిణ కొరియా రాజ్యాంగం 77వ అధికరణంలో ఒక నియమం ఉంది: పార్లమెంటు మొత్తం సభ్యుల్లో సగానికి పైగా కోరితే అధ్యక్షుడు సైనిక పాలన ఎత్తేయాల్సిందే. 300 మంది సభలో 151 చాలు. అర్ధరాత్రి దాటి ఒంటిగంటకు 190 మంది హాజరయ్యారు, 190 మందీ ఎత్తేయాలనే ఓటేశారు. వాళ్లలో 18 మంది అధ్యక్షుడి సొంత పార్టీ వాళ్లు. తెల్లవారుజామున నాలుగున్నరకల్లా సైనిక పాలన ముగిసింది. మొత్తం ఆరు గంటలు. వెళ్లిపోతున్న ఒక సైనికుడు అక్కడున్న జనానికి తల వంచి క్షమాపణ చెప్పాడు. డిసెంబర్ 14న 204 మంది సభ్యుల ఓటుతో యూన్ అభిశంసనకు గురయ్యారు. 2025 ఏప్రిల్ 4న రాజ్యాంగ న్యాయస్థానం ఎనిమిది మంది న్యాయమూర్తుల ఏకాభిప్రాయంతో ఆయన్ని పదవి నుంచి తొలగించింది.

అంత రాత్రి, అంత చలిలో ఆ జనం ఎందుకొచ్చారు? టీవీలో ఒక మాట వినగానే చెప్పుల్లో కాళ్లు పెట్టుకుని పార్లమెంటుకు పరిగెత్తాలని వాళ్లకెలా తోచింది? దీనికి జవాబు 1980 మే నెలలో ఉంది. ఆ నెల 17న సైనిక జనరల్ చున్ దూ హ్వాన్ సైనిక పాలనను దేశమంతటికీ విస్తరించాడు. మర్నాడు గ్వాంగ్జూ నగరంలో విద్యార్థులు ఎదురుతిరిగారు. పది రోజుల్లో సైన్యం వందల మందిని చంపింది. అక్కడితో కథ ముగిసి ఉంటే అది ఒక ఊరి దుఃఖంగా మిగిలేది. ముగియలేదు. 1987లో జనం వీధుల్లోకొచ్చి కొత్త రాజ్యాంగం సాధించుకున్నారు. 1995లో ప్రత్యేక చట్టం చేసి, చున్‌ని బోనెక్కించారు. 1996లో కోర్టు మరణశిక్ష వేసింది. ఆ తర్వాత శిక్ష తగ్గింది, క్షమాభిక్షా దొరికింది. కానీ జరిగింది నేరమేనన్న మాట తీర్పుగా నమోదైంది. 1997లో మే 18 జాతీయ స్మారక దినమైంది. ఆ పది రోజుల రికార్డులు యునెస్కో ప్రపంచ జ్ఞాపకాల జాబితాకి ఎక్కాయి. అంటే గ్వాంగ్జూ జ్ఞాపకం ముందు కోర్టు మెట్లెక్కింది, తర్వాత పాఠ్యపుస్తకంలోకి వెళ్లింది, ఆ తర్వాతే సాహిత్యంలో, సినిమాలో స్థిరపడింది. ఈ వరస చాలా ముఖ్యం. నిజమేదో తేలిన తర్వాత కళ ఆ నిజానికి ప్రాణం పోసింది.

2024 అక్టోబర్ 10న నోబెల్ సాహిత్య బహుమతి దక్షిణ కొరియా రచయిత్రి హాన్ కాంగ్‌కి వచ్చింది. ఆసియా నుంచి ఈ బహుమతి అందుకున్న మొదటి మహిళ. ఆమె పుట్టింది గ్వాంగ్జూలోనే, 1970లో. ఊచకోతకు కొద్ది నెలల ముందు ఆ కుటుంబం సోల్‌కి మారింది. పన్నెండేళ్ల వయసులో ఇంట్లో దొరికిన ఒక ఫొటోల పుస్తకంలో చంపబడ్డ మనుషుల ముఖాలు చూసింది. 2014లో ఆమె గ్వాంగ్జూ మీద రాసిన నవలలో వీరుడంటూ ఎవరూ లేరు. స్కూలు వయసు కుర్రాడొకడు శవాల దగ్గర కూర్చుని ఒక్కో దేహం ఆనవాళ్లు పుస్తకంలో రాసుకుంటూ ఉంటాడు, వెతుక్కుంటూ వచ్చేవాళ్లకి గుర్తుపట్టడానికి. తర్వాతి అధ్యాయాల్లో బతికి బయటపడ్డవాళ్లు ఏళ్ల తర్వాత కూడా మోస్తున్న బరువు కనిపిస్తుంది. ఆ నవల వచ్చాక అప్పటి ప్రభుత్వం ఆమెను కళాకారుల బ్లాక్‌లిస్టులో పెట్టింది. నోబెల్ ప్రకటన వచ్చిన వారంలోపే ఆమె పుస్తకాలు దేశంలో పది లక్షల ప్రతులు దాటి అమ్ముడుపోయాయి. ప్రకటనకీ సైనిక పాలనకీ మధ్య రెండు నెలలు కూడా లేవు. మార్షల్ లా అన్న మాట టీవీలో వినపడిన రాత్రి, ఎన్నో ఇళ్లలో ఆ నవల బల్ల మీదే ఉంది. దానికి ఏడాది ముందు, 1979 డిసెంబర్ 12న చున్ నడిపిన సైనిక కుట్ర మీద తీసిన సినిమాను థియేటర్లలో కోటీ ముప్పై లక్షల టికెట్లు కొని చూశారు. ఐదు కోట్ల చిల్లర జనాభా ఉన్న దేశంలో అది ఎంత పెద్ద సంఖ్యో సినిమా పిచ్చి ఉన్న మనకు వేరే చెప్పనక్కర్లేదు. డిసెంబర్ 7న హాన్ కాంగ్ స్టాక్‌హోంలో నోబెల్ ఉపన్యాసం ఇచ్చారు. గడిచిన కాలం ఇప్పటి కాలానికి సాయపడగలదా, చనిపోయినవాళ్లు బతికున్నవాళ్లను కాపాడగలరా అన్న ప్రశ్న చుట్టూ తిరిగిన ఉపన్యాసం అది. అదే రోజు సోల్‌లో మొదటి అభిశంసన ప్రయత్నం కోరం లేక వీగిపోయింది. వారం తర్వాత రెండో ప్రయత్నంలో ప్రతిపక్ష నాయకుడొకరు సభలో ఆమె ప్రశ్ననే ఎత్తుకుని, 1980 మే 2024 డిసెంబర్‌ని కాపాడిందని జవాబిచ్చారు.

ఆ డిసెంబర్ సభల్లో ఎక్కువగా కనిపించింది ఇరవైల్లో, ముప్పైల్లో ఉన్న యువతులు. గ్వాంగ్జూ నాటికి వాళ్లలో ఎవరూ పుట్టలేదు. 2016లో అప్పటి అధ్యక్షురాలిని దించిన ఉద్యమంలో, గాలి వీస్తే కొవ్వొత్తి ఆరిపోతుందని అధికార పార్టీ సభ్యుడొకరు తేలిగ్గా మాట్లాడితే జనం బ్యాటరీ దీపాలు పట్టుకున్నారు. 2024లో ఆ దీపాల స్థానంలో పాప్ పాటల కచేరీల్లో అభిమానులు ఊపే రంగురంగుల లైట్‌స్టిక్కులు వచ్చాయి. 2007లో ఒక అమ్మాయిల బృందం పాడిన హుషారైన పాట, 2016లో ఒక మహిళా విశ్వవిద్యాలయం ఆందోళనలో నినాదంగా మారి, ఈసారి పార్లమెంటు ముందు లక్షల గొంతుల్లో పలికింది. రాలేకపోయినవాళ్లు చుట్టుపక్కల హోటళ్లకు ముందే డబ్బు కట్టి, వచ్చినవాళ్లకి కాఫీ, వేడి సూపు ఇమ్మన్నారు. కొరియా పాప్ సంస్కృతిని మన పిల్లలు ఫోన్లలో చూస్తుంటే కాలక్షేపమనుకుంటాం. ఆ కాలక్షేపం వెనక, గుంపుగా ఒక చోట చేరి, ఒక పద్ధతిలో మెలిగి, చెత్త ఎత్తి ఇంటికి వెళ్లే అలవాటు ఉంది. అవసరం వచ్చిన రాత్రి ఆ అలవాటు పౌరధర్మమైంది. సంస్కృతి అంటే అవార్డు ఫంక్షన్లు కాదు, ఇదీ.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం ఉంది. నవల చదివితే తుపాకులు ఆగుతాయా, యూన్ కుట్ర చేతకానితనం వల్ల విఫలమైంది, అది కొరియా అదృష్టం అంటారు. కుట్ర అరకొరగా సాగిన మాట నిజమే. అయితే ఎందుకు అరకొరగా సాగింది? రాజ్యాంగ న్యాయస్థానం తన తీర్పులోనే దీనికి జవాబిచ్చింది: పౌరులు ఎదురునిలవడం వల్లా, సైనికులూ పోలీసులూ ఆదేశాల్ని మనస్ఫూర్తిగా అమలు చేయకపోవడం వల్లా పార్లమెంటు అంత త్వరగా తీర్మానం చేయగలిగింది. ఆ సైనికులూ అదే స్కూళ్లలో చదువుకున్నారు, అదే సినిమా చూశారు. ఆజ్ఞ పాటిస్తే చరిత్రలో తమ పేరు ఏ వరసలో రాస్తారో వాళ్లకి తెలుసు. ఆ తటపటాయింపు ఆకాశం నుంచి ఊడిపడలేదు, నలభై నాలుగేళ్లు పెంచితే పెరిగింది. కాకపోతే కొరియా కథ అంతా వెలుగేనని నేననను. 2025 జనవరి 19న యూన్ అరెస్టు వారెంటు ఇచ్చిన కోర్టు మీదికి ఆయన అభిమానులు విరుచుకుపడి అద్దాలు, ఫర్నిచర్ ధ్వంసం చేశారు. వాళ్లలో కుర్రాళ్లూ ఉన్నారు. జ్ఞాపకం ఒక తరంలో కూడా అందరికీ సమానంగా అందదు. అమెరికా ఇంకా పెద్ద హెచ్చరిక. 2021 జనవరి 6న పార్లమెంటు భవనంలోకి జనం చొరబడటాన్ని ప్రపంచమంతా ప్రత్యక్షంగా చూసింది. దృశ్యాలకు కొరత లేదు, అది ఏమిటన్న దాని మీద ఒప్పందమే లేదు. 2024 నవంబర్‌లో ట్రంప్ మళ్లీ గెలిచారు, 2025 జనవరి 20న ఆ కేసుల్లో దాదాపు పదిహేను వందల మందికి క్షమాభిక్ష పెట్టారు. తేలని జ్ఞాపకం ఎవరికి వాళ్లు వాడుకునే వస్తువవుతుంది.

బంగ్లాదేశ్ అభ్యంతరం ఇంకా లోతైనది, దాన్ని దాటవేయకూడదు. జ్ఞాపకమే దేశాన్ని కాపాడేటట్లయితే, 1971 విముక్తి యుద్ధాన్ని అంతగా తలుచుకునే దేశం ఎందుకు కూలింది? 2024 జనవరి 7న అక్కడ ఎన్నికలు జరిగాయి. ప్రధాన ప్రతిపక్షం బహిష్కరించింది, ప్రధాని షేక్ హసీనా వరుసగా నాలుగోసారి గెలిచారు. ప్రజాస్వామ్యానికి కావలసింది ఓటే అయితే ఆ ఏడాది బంగ్లాదేశ్‌కి ఏ లోటూ లేదు. జూన్‌లో హైకోర్టు, విముక్తి యోధుల వారసులకు ప్రభుత్వ ఉద్యోగాల్లో 30 శాతం కోటాను మళ్లీ బతికించింది. విద్యార్థులు రోడ్డెక్కారు. జూలై 14న హసీనా, ఆ ఉద్యోగాలు యోధుల మనవలకు కాక రజాకార్ల మనవలకు ఇవ్వాలా అన్న అర్థంలో మాట్లాడారు. ఆ రాత్రే ఢాకా విశ్వవిద్యాలయం విద్యార్థులు ఆ తిట్టునే నినాదంగా మార్చుకున్నారు. రజాకార్ అన్న మాట తెలంగాణ పల్లెలకు పరిచయం చేయనక్కర్లేదు. అక్కడ అది 1971లో పాకిస్తాన్ సైన్యానికి సాయపడ్డవాళ్ల పేరు, ఇక్కడ 1948 దాకా ఊళ్లు తగలబెట్టిన ముఠా పేరు. రెండు చోట్లా నెత్తుటి మరకున్న మాట. అలాంటి మాటను ఉద్యోగం అడిగిన పిల్లల మీదికి విసిరితే మాట విలువే పోయింది. ఆగస్టు 5న హసీనా దేశం విడిచి మన దేశానికి వచ్చారు. ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయం అంచనా ప్రకారం, జూలై 1కీ ఆగస్టు 15కీ మధ్య చనిపోయినవాళ్లు 1,400 మంది దాకా ఉండవచ్చు. ఆగస్టు 5 మధ్యాహ్నమే ఢాకాలో హసీనా తండ్రి, దేశ స్థాపకుడు ముజీబ్ విగ్రహాన్ని లాగి పడేశారు, ధన్‌మండిలో ఆయన నివసించిన ఇంటికి నిప్పు పెట్టారు. ఒక దేశం పుట్టుక జ్ఞాపకాన్ని ఒక కుటుంబం తన పట్టా భూమిలా అనుభవిస్తే, ఆ కుటుంబం మీద కోపం ఆ జ్ఞాపకాన్నీ దహిస్తుంది. కాబట్టి బంగ్లాదేశ్ నా వాదనను కొట్టేయడం లేదు, సరిదిద్దుతోంది. జ్ఞాపకం అందరిదై ఉండాలి. అధికారంలో ఉన్నవాణ్ని అడ్డుకునేదై ఉండాలి కానీ అధికారంలో ఉన్నవాడు చేతిలో పట్టుకుని తిరిగే కర్ర కాకూడదు.

వెనెజులా నా వాదన రెండో సగాన్ని చెబుతుంది. జూలై 28 పోలింగ్ ముగిశాక అక్కడి ఎన్నికల మండలి, బూత్‌లవారీ లెక్కలు బయటపెట్టకుండానే, అధ్యక్షుడు మదురో 51 శాతంతో గెలిచారని ప్రకటించింది. అయితే ప్రతి ఓటింగ్ యంత్రం చివర్లో పొడవాటి కాగితం మీద లెక్క ముద్రిస్తుంది, ఏజెంట్లకు ఒక ప్రతి ఇవ్వాలన్నది చట్టం. ఆ కాగితాల కోసం ప్రతిపక్షం వేల మంది మామూలు మనుషుల్ని ముందే సిద్ధం చేసింది. వాళ్లు రాత్రంతా బూత్‌ల దగ్గర కాపు కాసి, కాగితాలు చేతికి తీసుకుని, నూటికి ఎనభైకి పైగా బూత్‌ల లెక్కలు ఇంటర్నెట్‌లో పెట్టారు. వాటి ప్రకారం ప్రతిపక్ష అభ్యర్థి ఎడ్మండో గొన్సాలెజ్‌కి మూడింట రెండు వంతుల ఓట్లు. పౌరులు చేయగలిగిందంతా చేశారు. కానీ ఆ కాగితాన్ని పట్టుకుని వెళ్లడానికి స్వతంత్రంగా ఉన్న కోర్టు లేదు, పార్లమెంటు లేదు. సెప్టెంబర్‌లో గొన్సాలెజ్ స్పెయిన్‌కి వెళ్లిపోయారు, 2025 జనవరి 10న మదురో మళ్లీ ప్రమాణం చేశారు. జనం ఉన్నా వాక్యాన్ని నిలబెట్టే సంస్థ లేని చోట ఇలా ఉంటుంది. బోట్స్వానా దీనికి నిశ్శబ్దమైన జవాబు. 1966 నుంచి 58 ఏళ్లు ఒకే పార్టీ పాలించిన దేశంలో, అక్టోబర్ 30 పోలింగ్ తర్వాత లెక్కింపు పూర్తికాకముందే అధ్యక్షుడు మాసిసి ఓటమి ఒప్పుకుని, ప్రత్యర్థి డుమా బోకోకి ఫోన్ చేసి అభినందించారు. పత్రికల్లో లోపలి పేజీలో నాలుగు వాక్యాలుగా వచ్చిన వార్త అది. నా దృష్టిలో ఆ ఏడాది ఆఫ్రికా వార్తల్లో డకార్ తీర్పు పక్కన పెట్టాల్సిన వార్త అదే.

చివరికి తప్పుల్ని దిద్దేది ఓటేగా, ఎమర్జెన్సీని మనం ఓటుతోనే దించలేదా అని అడిగేవాళ్లున్నారు. దించాం. దానికి 21 నెలలు పట్టింది. ఆ 21 నెలల్లో జైళ్లలో మగ్గినవాళ్లు, బూటకపు ఎన్‌కౌంటర్లలో పోయినవాళ్లు తిరిగి రాలేదు. సోల్‌లో ఆరు గంటల్లో ముగిసిన దానికీ దీనికీ తేడా అదే. ఇంకో మాట కూడా గుర్తుంచుకోవాలి. 1977లో దేశమంతా ఆగ్రహించినప్పుడు ఆంధ్రప్రదేశ్ ఉన్న 42 లోక్‌సభ సీట్లలో 41 ఎమర్జెన్సీ పెట్టిన పార్టీకే ఇచ్చింది. నంద్యాలలో నీలం సంజీవరెడ్డి ఒక్కరే అవతలి వైపు గెలిచారు. ఓటు గొప్పదే, కానీ ఓటుకి తనంతట తాను జ్ఞాపకం ఉండదు.

అయితే తెలుగువాళ్లకూ ఒక డిసెంబర్ రాత్రి లాంటిది ఉంది. గుండె ఆపరేషన్ చేయించుకుని అమెరికా నుంచి తిరిగొచ్చిన ఎన్టీఆర్‌ని 1984 ఆగస్టు 16న గవర్నర్ రామ్‌లాల్ ముఖ్యమంత్రి పదవి నుంచి తొలగించి, నాదెండ్ల భాస్కరరావు చేత ప్రమాణం చేయించారు. బలముందో లేదో సభలో తేల్చుకునే అవకాశం ఇవ్వలేదు. రాష్ట్రం అట్టుడికింది. ఎన్టీఆర్ చక్రాల కుర్చీలో తన ఎమ్మెల్యేలను వెంటబెట్టుకుని రాష్ట్రపతి ముందుకు వెళ్లారు. గవర్నర్‌ని మార్చారు, సరిగ్గా నెలకి, సెప్టెంబర్ 16న, ఎన్టీఆర్ మళ్లీ ముఖ్యమంత్రి అయ్యారు. ఆయన రాజకీయాలు నచ్చినవాళ్లకూ నచ్చనివాళ్లకూ ఆ నెల సమానంగా చెందాలి. ఓటుకీ ఓటుకీ మధ్య, తాము ఎన్నుకున్న ప్రభుత్వం కోసం తెలుగువాళ్లు పార్టీలకతీతంగా వీధిలోకొచ్చిన నెల అది. మెజారిటీ ఉందో లేదో శాసనసభలోనే తేలాలన్న సూత్రాన్ని సుప్రీంకోర్టు 1994లో బొమ్మై కేసులో ఖరారు చేసింది. అంటే వాక్యం వచ్చింది. మరి జ్ఞాపకం? ఆ నెలను మనం ఒక పార్టీ వార్షికోత్సవానికి అప్పజెప్పాం. మిగతావాళ్లు దాన్ని తమది కాదనుకున్నారు. అప్పుడు ఎమ్మెల్యేల్ని కాపాడుకోవడానికి కర్ణాటకకు తరలించిన ఆ ఒక్క ఉపాయాన్ని మాత్రం అన్ని పార్టీలూ శ్రద్ధగా నేర్చుకున్నాయి. క్యాంపు రాజకీయాలన్న మాట మన వాడుకలో స్థిరపడిపోయింది. అందులోని ప్రాణం పోయి పద్ధతి మిగిలింది.

దాని ఫలితం ఈ రెండు రాష్ట్రాల్లో కళ్లెదురుగానే ఉంది. 2014 తర్వాత ఆంధ్రలో ప్రతిపక్షం టికెట్ మీద గెలిచిన 23 మంది ఎమ్మెల్యేలు అధికార పార్టీలోకి వెళ్లారు, వాళ్లలో కొందరు మంత్రులూ అయ్యారు. 2019లో తెలంగాణలో 12 మంది కాంగ్రెస్ ఎమ్మెల్యేలు గులాబీ కండువా కప్పుకున్నారు. 2024లో చక్రం తిరిగి, పది మంది బీఆర్ఎస్ ఎమ్మెల్యేలు కాంగ్రెస్ వైపు వెళ్లారు. ఏడాది గడిచాక, 2025 జూలై 31న సుప్రీంకోర్టు, మూడు నెలల్లో ఏదో ఒకటి తేల్చమని స్పీకర్‌కి చెప్పాల్సి వచ్చింది. ఫిరాయింపుల చట్టం 1985 నుంచీ ఉంది. పుస్తకంలో వాక్యం నిక్షేపంగా ఉంది. దాన్ని అమలు చేయించే కోపమే జనంలో లేదు. తను ఎండలో నిలబడి వేసిన ఓటు ఒక కండువా మార్పుతో అవతలి ఖాతాలో పడుతుంటే, ఓటరు టీవీ చర్చ చూసి పడుకుంటున్నాడు. ఎవరు అధికారంలో ఉన్నా ఇదే జరుగుతోంది కాబట్టి దీన్ని ఒక పార్టీ మీద నింద అనుకోవద్దు. జ్ఞాపకం విషయంలోనూ అంతే, 1948లో నిజాం పాలన ముగిసిన సెప్టెంబర్ 17నే తీసుకోండి. 2024లో ఆ రోజుని కేంద్రం విమోచన దినమంది, తెలంగాణ ప్రభుత్వం ప్రజాపాలన దినోత్సవమంది, అంతకు ముందున్న ప్రభుత్వం సమైక్యతా దినమంది. పార్టీకో పేరున్న రోజు పిల్లలకు ఏం నేర్పుతుంది? నైజాం పాలనలో ఏం జరిగింది, రజాకార్లు ఏం చేశారు, సాయుధ రైతులు ఏం చేశారు, పోలీసు చర్య తర్వాత ఏం జరిగింది అన్నవి సాక్ష్యాలతో, అందరూ ఒప్పుకునేలా నమోదు చేసే పని ప్రభుత్వాలది. ఆ పని జరగకపోతే ఆ ఖాళీని సినిమా పోస్టర్లూ సభల్లో ప్రసంగాలూ నింపుతాయి.

2025 ఏప్రిల్ 4 ఉదయం 11 గంటల 22 నిమిషాలకు యూన్‌ని తొలగిస్తున్నట్టు తీర్పులోని చివరి వాక్యం చదివారు. దక్షిణ కొరియాలో ఎన్నో స్కూళ్లు ఆ ప్రత్యక్ష ప్రసారాన్ని తరగతి గదుల్లోనే పిల్లలకు చూపించాయి. పాఠం ఆపి చూపించలేదు, పాఠంగా చూపించాయి. మన తెలుగు రాష్ట్రాల్లో పదో తరగతి పిల్లవాణ్ని ఎవర్నైనా 1984 ఆగస్టు 16న హైదరాబాద్‌లో ఏం జరిగిందో అడిగి చూడండి. ఆ తర్వాత అదే ప్రశ్న వాళ్ల మాస్టారిని కూడా అడగండి.